మొక్కల అక్వేరియం – ఆరవ పాఠం: మొక్కతో పాటు వచ్చే నత్తలు

ఐదవ పాఠంలో మొక్కలను దుకాణంలో ఎలా ఎంచుకోవాలో, వేళ్లు ఆరిపోకుండా ఇంటికి ఎలా చేర్చుకోవాలో నేర్చుకున్నాం. అలా తెచ్చిన మొక్కను వెంటనే తొట్టిలో నాటవద్దని, మధ్యలో ఒక పని ఉందని ఆ పాఠం చివర చెప్పాను. ఆకుల అడుగున, కాడల సందుల్లో, వేళ్ల మధ్య దాగి వచ్చే నత్తలను, వాటి గుడ్లను తొలగించడమే ఆ పని. దీనికి ఒక భూతద్దం, వెడల్పాటి తెల్లని పళ్లెం, మెత్తబడిన పాత టూత్‌బ్రష్, సన్నని పట్టకారు, రెండు బకెట్లు, ఒక పెద్ద గాజు సీసా సిద్ధం చేసుకోండి. మొదటి రోజు గంటన్నర పడుతుంది. ఆ తరువాత మూడు నాలుగు వారాల పాటు రోజుకు ఐదు నిమిషాలు చాలు.

ఈ విషయం చెప్పేవారిలో చాలామంది నేరుగా మందుల దగ్గర మొదలుపెడతారు. నేను అక్కడ మొదలుపెట్టను. మందు నత్తను చంపుతుంది గాని గుడ్డును అన్నిసార్లూ చంపలేదు, పైగా సున్నితమైన మొక్కలను మాడ్చేస్తుంది. కంటితో వెతికి బొటనవేలితో తీసివేసే నేర్పు ఒక్కసారి అలవడిందంటే, ఆ తరువాత మీరు కొనే ప్రతి మొక్కకూ అది పనికివస్తుంది. అందుకే ఈ పాఠంలో ఎక్కువ భాగాన్ని చూడడం నేర్చుకోవడానికే కేటాయిస్తున్నాను.

ఒక్కటి వచ్చినా చాలు

మన తొట్లలోకి తరచుగా చేరే నత్తల్లో ఎక్కువ భాగం గాలి పీల్చుకోవడానికి నీటి పైభాగానికి వచ్చే జాతులు. వీటిలో ప్రతి జీవికీ ఆడ, మగ అవయవాలు రెండూ ఉంటాయి. తోడు దొరికితే జతకడతాయి; దొరకకపోతే తమ గుడ్లను తామే ఫలదీకరించుకోగలవు. కాబట్టి ఆకు చాటున వచ్చిన ఒకే ఒక్క నత్త, జతగాడు లేకపోయినా, ఒక సంతతికి మూలం కాగలదు. మన ఇళ్లలో తొట్టి నీరు సాధారణంగా 26 నుంచి 30 డిగ్రీల వేడి మీద ఉంటుంది గనుక గుడ్డు వారం, రెండు వారాల్లో పొదిగి, పిల్ల నెల, రెండు నెలల్లోనే మళ్లీ గుడ్లు పెట్టే ఈడుకు వస్తుంది.

నేను మొక్కలు పెంచడం మొదలుపెట్టిన కొత్తలో ఒక దుకాణం నుంచి హార్న్‌వర్ట్ అనే నీటిమొక్క కట్ట ఒకటి తెచ్చి, కుళాయి కింద ఒకసారి జాడించి తొట్టిలో వేశాను. రెండు నెలలు గడిచాక ఒక రాత్రి మంచినీళ్లకు లేచి, టార్చిలైటు వెలుగులో తొట్టి వైపు చూశాను. గాజు నిండా నువ్వుగింజంత మొదలుకొని శనగగింజంత వరకు అన్ని పరిమాణాల నత్తలు పాకుతున్నాయి. లెక్కపెట్టడం మొదలుపెట్టి రెండు వందల దగ్గర ఆపేశాను. పగటిపూట ఆ తొట్టిలో నాకు రోజూ కనిపించినవి పదో పదిహేనో. ఆ తేడా నాకు గట్టిగా గుర్తుండిపోయింది. పగలు కనిపించే సంఖ్యను నమ్మడం ఆ రోజుతో మానేశాను.

గుడ్డును చూడడం

ఇప్పుడు మొక్కను చేతిలోకి తీసుకోండి. కుండీతో వచ్చిన మొక్క అయితే ముందుగా కుండీ తీసివేసి, వేళ్ల చుట్టూ ఉండే దూది లాంటి రాక్‌వూల్‌ను నీటిలో నానబెట్టి, పట్టకారుతో కొంచెం కొంచెంగా పూర్తిగా తీసివేయండి. చిన్న నత్తలు దాగడానికి ఇంతకు మించిన చోటు లేదు. రబ్బరు పట్టీతోనో, సీసపు పట్టీతోనో కట్టి వచ్చిన కాడమొక్కలైతే పట్టీ విప్పి ఒక్కొక్క కాడను వేరు చేయండి. ఆ పట్టీ కింద నలిగి నల్లబడిన భాగం ఎలాగూ కుళ్లిపోయేదే. దానిని కత్తిరించి పారవేస్తే అందులో దాగినవి కూడా పోతాయి.

తెల్లని పళ్లెంలో రెండు అంగుళాల నీరు పోసి, మొక్కను అందులో ఉంచి, కిటికీ దగ్గర గాని బల్లదీపం కింద గాని కూర్చోండి. వెలుతురు మీ ఎదుటి వైపు నుంచి ఆకు గుండా మీ కంటికి చేరేలా ఆకును ఎత్తి పట్టుకోండి. పై నుంచి వెలుతురు పడితే గుడ్ల ముద్ద నీటి చుక్కలాగే మెరుస్తుంది, కంటికి ఆనదు. వెనుక నుంచి వెలుతురు వచ్చినప్పుడు మాత్రం ఆకు పచ్చదనం మధ్య ఒక స్పష్టమైన అంచు, ఆ అంచు లోపల చుక్కలు కనిపిస్తాయి.

దళసరి ఆకుల మొక్క అయిన అనూబియాస్ ఆకును ఒకటి తిరగేసి చూద్దాం. నడి ఈనె పక్కన, కాడకు దగ్గరగా, సగ్గుబియ్యం గింజను చపాతీలా నొక్కినట్టు ఒక జిగురు మచ్చ ఉంది. వేలితో తాకితే జారుతుంది గాని ఊడదు. భూతద్దం పెట్టి చూస్తే ఆ జిగురులో ఇరవై ముప్పై గుడ్లు కనిపిస్తాయి. ఒక్కొక్కటి గాజుపూసలా ఉండి, మధ్యలో ఒక తెల్లని చుక్క ఉంటుంది. పెట్టి రెండు రోజులే అయి ఉంటే ఆ చుక్క కదలదు. ఐదారు రోజులు దాటితే చుక్క స్థానంలో చిన్న గోధుమరంగు గుల్ల కనిపించి, గుడ్డు లోపలే మెల్లగా తిరుగుతూ ఉంటుంది. ఓపికగా రెండు నిమిషాలు చూడండి. ఆ కదలికను ఒక్కసారి చూసినవారు ఆ తరువాత జిగురు మచ్చను నీటి బుడగగా పొరబడరు.

ఆ మచ్చను తీయడానికి గోరు వాడవద్దు, ఆకు చీరుతుంది. బొటనవేలి కండతో ఆకు మొదలు నుంచి కొన వైపు గట్టిగా ఒత్తుతూ తోయండి. ముద్ద మొత్తం ఒకే పొరలా లేచి వస్తుంది. దానిని నీటిలో వదలకుండా కాగితం మీద తుడిచి ఆరబెట్టండి. ఆరిన గుడ్డు బతకదు. సన్నని ఆకుల మొక్కలకు బొటనవేలు పనిచేయదు గనుక, రెండు వేళ్ల మధ్య కాడను పట్టుకుని కింది నుంచి పైకి జారవిడుస్తూ తడిమి చూడండి. జిగురు తగిలిన చోటు తెలిసిపోతుంది. వెతకవలసిన చోట్లు ముఖ్యంగా నాలుగు: ఆకు అడుగుభాగం, ఆకు కాడతో కలిసే మూల, అనూబియాస్, జావా ఫెర్న్ వంటి వాటి రైజోమ్ (అడ్డంగా పాకే లావుపాటి కాండం) కింది వైపు, ముదిరి పసుపుబారిన ఆకులు. పసుపుబారిన ఆకులను తుడుస్తూ కూర్చోవడం కన్నా కత్తిరించడమే మేలు.

నత్తను గుర్తుపట్టడం

తీసిన నత్తలను ఒక గిన్నెలో వేసి, ఏది ఏదో తెలుసుకోండి. ఒక్కొక్క జాతిని అదుపు చేసే పద్ధతి ఒక్కొక్కటి గనుక ఈ గుర్తింపు అవసరం.

గుల్ల మొన పైకి, నోరు మీ వైపు ఉండేలా పట్టుకోండి. నోరు మీ ఎడమ చేతి వైపు తెరుచుకుని ఉంటే అది బ్లాడర్ స్నెయిల్. నత్తల్లో అత్యధికం కుడి వైపు తిరిగినవే గనుక ఈ ఒక్క గుర్తుతోనే దీనిని పట్టేయవచ్చు. కొమ్ములు దారపు పోగుల్లా సన్నగా ఉంటాయి, నడక చురుకుగా ఉంటుంది. దీని శాస్త్రీయ నామం ఫైసెల్లా అక్యూటా. 1805లో ఫ్రాన్స్‌లోని గరోన్ నది నమూనాలను చూసి దీనికి పేరు పెట్టారు గాని, దీని పుట్టిల్లు ఉత్తర అమెరికా అని ఇప్పుడు భావిస్తున్నారు. మొక్కల వెంట ప్రయాణం చేస్తూ ఇది ప్రపంచంలో చాలా భాగానికి చేరింది.

నోరు కుడి వైపు ఉండి, కొమ్ములు చిన్న త్రికోణాల్లా వెడల్పుగా ఉంటే అది లిమ్నియా కుటుంబపు చెరువు నత్త. మన చెరువుల్లో, వరి మళ్లలో ఉండేది ఇదే. గుల్ల దోసెను చుట్టినట్టు ఒకే తలంలో చుట్టుకుని ఉంటే రామ్స్‌హార్న్. దీని రక్తంలో మన రక్తంలో ఉన్నట్టే హిమోగ్లోబిన్ ఉంటుంది. ఒంట్లో నల్లరంగు లేని రకాలు ఎర్రగా కనిపించడానికి కారణం అదే. గుల్ల పొడవుగా, మర మేకులా మెలితిరిగి, నోటికి గట్టి మూత ఉంటే ట్రంపెట్ స్నెయిల్. ఈ చివరిదానికి మన తీరంతో ఒక సంబంధం ఉంది. డెన్మార్క్ శాస్త్రవేత్త ఓ. ఎఫ్. ముల్లర్ 1774లో దీనిని మొదటిసారి వర్ణించినప్పుడు ఆధారం చేసుకున్నది కోరమండల్ తీరపు నమూనానే. ఈ నత్త గుడ్లు బయట పెట్టదు. ఆడది మగ తోడు లేకుండానే గర్భం దాల్చి, తల వెనుక ఉండే సంచిలో పిల్లలను పెంచి, చిన్న గుల్లతో సహా వదులుతుంది. అందుచేత ఎంత వెతికినా దీని గుడ్డు మీకు ఆకు మీద దొరకదు. వేళ్లను మాత్రం విప్పి చూడవలసి ఉంటుంది.

నిమ్మకాయంత, ఇంకా పెద్దగా పెరిగే మన నత్తగుల్ల, అంటే పైలా గ్లోబోసా, పొరపాటున మొక్కతో రావడం అరుదు. పిల్లగా ఉన్నప్పుడు కొందరు అందంగా ఉందని కొని వేసుకుంటారు. పైన చెప్పినవాటిలో బ్లాడర్, రామ్స్‌హార్న్, ట్రంపెట్ నత్తలు పాచిని, కుళ్లిన ఆకును, మిగిలిపోయిన మేతను తింటాయి. ఆరోగ్యంగా ఉన్న ఆకు జోలికి సాధారణంగా పోవు. పైలా మాత్రం పచ్చని మొక్కనే మేసేస్తుంది. పెద్ద చెరువు నత్తలు కూడా మెత్తని ఆకులను కొరుకుతాయి.

ఆకుకు రంధ్రాలు పడగానే నత్త మీద నేరం మోపడం అందరూ చేసే పొరపాటు, కాబట్టి ఇక్కడ కాస్త ఆగి చెబుతాను. ముదురు ఆకుల మీద గుండుసూది మొనంత చుక్కలు పడి, వాటి చుట్టూ పసుపు వలయం ఏర్పడి, ఆ చుక్కలే క్రమంగా రంధ్రాలైతే అది చాలాసార్లు పొటాషియం లోపం. గాలిలో పెంచిన మొక్కను నీటిలో నాటినప్పుడు పాత ఆకులు కరిగిపోవడం కూడా సహజమే. క్రిప్టోకొరైన్ అనే మొక్కల్లో ఇది మరీ ఎక్కువ. ఆ కరిగే ఆకు మీద నత్తలు గుమిగూడి కనిపిస్తాయి గాని, ఆకు చావడం ముందు జరిగింది, నత్త రావడం తరువాత జరిగింది.

చెరువు నుంచి మొక్క తెచ్చుకునేవారికి

హైడ్రిల్లా, వాలిస్‌నేరియా, హార్న్‌వర్ట్ మన చెరువుల్లో, కాలువల్లో పుష్కలంగా దొరుకుతాయి కదా అని చేత్తో లాగి తెచ్చుకునేవారు ఉన్నారు. ఆ నత్తలను మామూలు తొట్టి నత్తలుగా భావించవద్దు. పశువులకు కార్జపు జలగ వ్యాధి వచ్చేది లిమ్నియా నత్తల ద్వారానే. మన దేశపు రామ్స్‌హార్న్ అయిన ఇండోప్లానార్బిస్ ఎగ్జుస్టస్ పశువుల ముక్కులో కంతులు లేపి గురక పుట్టించే పరాన్నజీవిని మోస్తుంది. ఇటువంటి నత్తల నుంచి నీటిలోకి వెలువడే పరాన్నజీవుల పిల్లదశలు మనిషి చర్మంలోకి చొచ్చుకుని దురద, దద్దుర్లు తెప్పిస్తాయి. చెరువు మొక్కను తప్పనిసరిగా తేవలసి వస్తే రబ్బరు తొడుగులు వేసుకుని కడగండి, పిల్లలను ఆ బకెట్టు దగ్గరికి రానివ్వకండి, మొక్కను విడిగా సీసాలో ఉంచి గమనించే గడువును (ఈ పాఠంలో ముందు చెబుతాను) రెట్టింపు చేయండి.

ముంచి తీసే పద్ధతులు

చేత్తో శుభ్రం చేసిన తరువాతనే మందు నీటి మాట. క్రమం తారుమారు చేస్తే ఫలితం ఉండదు, ఎందుకంటే గుడ్ల చుట్టూ ఉండే జిగురు మందును లోపలికి అంత తేలికగా చేరనివ్వదు.

ఎక్కువగా వాడేది ద్రవరూపంలో దొరికే బ్లీచ్, అంటే సోడియం హైపోక్లోరైట్. సువాసన, నురగ కలిపిన రకాలు వద్దు. సాదా బ్లీచ్ మాత్రమే తీసుకోండి. బ్లీచింగ్ పౌడర్ వేరే పదార్థం, దాని బలం వేరు, ఈ లెక్క దానికి వర్తించదు. సీసా మీద 5 శాతం అని ఉంటే 50 మిల్లీలీటర్ల బ్లీచ్‌కు 950 మిల్లీలీటర్ల నీరు కలపాలి. అప్పుడు మన చేతికి వచ్చేది 0.25 శాతం ద్రావణం. తలుపులు తెరిచి, చేతులకు తొడుగులు వేసుకుని, ఈ ద్రావణాన్ని ప్లాస్టిక్ బకెట్టులోనే కలపండి. టాయిలెట్ శుభ్రం చేసే ఆమ్లం గాని, వెనిగర్ గాని పొరపాటున కూడా అందులో పడకూడదు. క్లోరిన్ విషవాయువు పుడుతుంది.

అనూబియాస్, జావా ఫెర్న్, అమెజాన్ స్వోర్డ్ వంటి దళసరి ఆకుల మొక్కలు రెండు నిమిషాలు తట్టుకుంటాయి. మెత్తని కాడమొక్కలకు నిమిషం నుంచి నిమిషంన్నర మించవద్దు. గడియారం ఎదురుగా పెట్టుకోండి, మనసులో లెక్కపెట్టుకోవడం చాలదు. వేళ్లు వీలైనంత వరకు ద్రావణానికి పైన ఉండేలా మొక్కను తలకిందులుగా పట్టుకుంటే వేళ్లు మాడవు. తీయగానే కుళాయి కింద బాగా కడిగి, 10 లీటర్ల నీటిలో అర చెంచా హైపో పలుకులు, అంటే సోడియం థయోసల్ఫేట్, కరిగించి అందులో పదిహేను నిమిషాలు ఉంచండి. ముక్కు దగ్గర పెట్టుకుంటే బ్లీచ్ వాసన ఏమాత్రం రాకూడదు. వస్తే మళ్లీ హైపో నీటిలో ముంచండి.

మాస్‌లు (నాచు మొక్కలు), వాలిస్‌నేరియా, హార్న్‌వర్ట్, కబోంబా, హైడ్రిల్లా బ్లీచ్‌ను ఓర్చుకోలేవు. ఒకసారి జావా మాస్ గుప్పెడు తీసుకుని, నిమిషమే కదా అని ముంచాను. తీసినప్పుడు పచ్చగానే ఉంది. మరునాటి ఉదయానికి సీసాలో ఉన్నది తడిసిన కొబ్బరిపీచు రంగులో ఉన్న పోగులు. మూడో రోజుకు చేత్తో పట్టుకుంటే రాలిపోయింది. దెబ్బ తగిలిన విషయం ముంచిన రోజు కంటికి కనిపించదు గనుక, కొత్త మొక్క ఏదైనా ముందుగా ఒక్క కాడను మాత్రం ముంచి, రెండు రోజులు ఆగి చూసి, ఆ తరువాతే మిగిలినదానికి పూనుకోండి.

ఇటువంటి సున్నిత మొక్కలకు నేను పటికను వాడతాను. గోదావరి వరదలప్పుడు బిందెలో తిప్పి బురద నీటిని తేర్చుకునే పటికే ఇది. 4 లీటర్ల నీటికి ఒక పెద్ద చెంచా, సుమారు 15 గ్రాములు, పటిక పొడి వేసి పూర్తిగా కరిగాక మొక్కను రెండు మూడు గంటలు ఉంచాలి. గట్టి మొక్కలైతే రాత్రంతా ఉంచవచ్చు. పటిక నీటిని ఆమ్లగుణానికి మారుస్తుంది. నత్తలు ఆకు వదిలి అడుగుకు రాలిపోతాయి. గుల్ల ఉన్న నత్త మీద బాగా పనిచేస్తుంది, గుడ్డు మీద దానికి పూర్తి నమ్మకం పెట్టుకోలేం. తీసిన తరువాత రెండు మూడుసార్లు నీరు మార్చి కడగాలి.

పొటాషియం పర్మాంగనేట్‌ను కూడా చాలామంది వాడతారు. పాచి, సూక్ష్మజీవుల మీద అది మంచిదే. నత్తల విషయంలో దాని ఫలితం నిలకడగా ఉండదని నా అనుభవం. మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, మాత్రం వద్దే వద్దు. రాగి నత్తలను చంపుతుంది, నిజమే. రొయ్యలను కూడా చంపుతుంది, చాలా మొక్కలను కాలుస్తుంది, మట్టిలో ఇంకి నెలల తరబడి ఉండిపోతుంది. తొట్టిలోనే రాగి మందు వేస్తే ఒకేసారి వందల నత్తలు గుల్లల్లోనే కుళ్లి, అమ్మోనియా పెరిగి, చేపలు పైకి తేలి గుటకలు వేస్తాయి. కంకర లోపల చచ్చిన నత్తను ఏరడం ఎవరి వల్లా కాదు.

విడి సీసా

చేత్తో తుడిచి, మందు నీటిలో ముంచిన మొక్క కూడా నేరుగా తొట్టిలోకి వెళ్లకూడదు. పెద్ద గాజు సీసాలో గాని, చిన్న తొట్టిలో గాని నీరు పోసి, కిటికీ వెలుతురు గాని దీపం గాని అందేలా పెట్టి, మొక్కను అందులో ఉంచండి. అడుగున ఇసుక వేయవద్దు. ఖాళీ గాజు అడుగు మీద నువ్వుగింజంత నత్త కూడా తప్పించుకోలేదు. వారానికి ఒకసారి నీరు పూర్తిగా మార్చండి.

గుడ్లు వారం, రెండు వారాల్లో పొదుగుతాయని పైన చెప్పుకున్నాం. అందుకే గడువు మూడు వారాలు. గది చల్లగా ఉండే డిసెంబరు, జనవరి నెలల్లో నాలుగు. రోజూ దీపం ఆర్పిన అరగంట తరువాత టార్చి వేసి గాజును చూడండి. ఒక్క నత్త కనిపించినా దానిని తీసి, ఆకులను మళ్లీ తుడిచి, గడువును ఆ రోజు నుంచి మొదలుపెట్టండి. ఇది కొందరికి చాదస్తంగా అనిపిస్తుంది. నా వరకు, బ్లీచ్ కన్నా, పటిక కన్నా నేను నమ్మేది ఈ సీసానే. మందు తప్పించుకున్నది ఇక్కడ దొరికిపోతుంది, మొక్కకు నష్టం ఉండదు.

ఈ శ్రమ వద్దనుకునేవారికి టిష్యూ కల్చర్ మొక్కలు ఉన్నాయి. మూసిన కప్పుల్లో, జెల్లీ మీద, ప్రయోగశాలలో పెంచినవి కాబట్టి వాటితో నత్త గాని గుడ్డు గాని రావు. ధర ఎక్కువ, మొక్క చిన్నది. జెల్లీని మాత్రం గోరువెచ్చని నీటిలో పూర్తిగా కడగాలి.

తొట్టిలో ఇప్పటికే ఉంటే

ఈ పాఠం చదివేసరికే కొందరి తొట్లలో నత్తలు నిండి ఉంటాయి. అటువంటివారు ముందుగా మేత కొలత చూసుకోండి. నత్తల సంఖ్య తొట్టిలో తిండి ఎంత మిగులుతోందో దానిని బట్టి పెరుగుతుంది, తిండి తగ్గితే తగ్గుతుంది. చేపలు రెండు నిమిషాల్లో తినగలిగినంతే వేసి, చచ్చిన ఆకులను రోజూ తీసివేస్తూ, కంకరను సైఫన్ గొట్టంతో వారానికి ఒకసారి శుభ్రం చేస్తే, ఆరు వారాల్లో తేడా మీకే తెలుస్తుంది.

దానితో పాటు వల వేయండి. రాత్రి దీపం ఆర్పే ముందు కీరదోస ముక్కను గాని, ఉడకబెట్టిన క్యాబేజీ ఆకును గాని స్టీలు చెంచాకు గుచ్చి అడుగున దించండి. తెల్లవారుజామున, దీపం వేయకముందే, చెంచాతో సహా నెమ్మదిగా పైకి తీయండి. ముక్క అడుగు నల్లగా నత్తలతో నిండి ఉంటుంది. వరుసగా పది రాత్రులు చేయాలి. ట్రంపెట్ నత్తలు పగలు ఇసుకలో ఉంటాయి గనుక వాటికి ఈ పద్ధతి ఒక్కటే చేతికి అందేది. అవి పగటిపూట గుంపుగా గాజు మీదికి ఎక్కుతున్నాయంటే నీటిలో ప్రాణవాయువు తగ్గిందో, నీరు చెడిందో వెంటనే చూసుకోండి.

నత్తలను తినే ప్రాణులను తెచ్చుకునే ముందు ఆ ప్రాణి బాగోగులు ఆలోచించండి. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన అసాసిన్ స్నెయిల్ నెమ్మదిగా పెరుగుతుంది, ఆడ, మగ వేరువేరు గనుక త్వరగా నిండిపోదు. చిన్న తొట్టికి నాలుగైదు చాలు. క్లౌన్ లోచ్ నత్తలను బాగా తింటుంది గాని అది అడుగు పొడవు పెరిగే, గుంపుగా బతికే చేప. రెండు అడుగుల తొట్టిలో దానిని ఉంచడం హింస. కేరళ, కర్ణాటక నదుల్లో పుట్టిన పీ పఫర్ అనే చిన్న చేప అంగుళంన్నర మించదు, నత్తలంటే ప్రాణం. అయితే అది తోటి చేపల రెక్కలను కొరుకుతుంది, పైగా ప్రకృతిలో దాని సంఖ్య ప్రమాదంలో పడింది. పశ్చిమ కనుమల జీబ్రా లోచ్ పరిస్థితి అంతకన్నా విషమం. నత్తల కోసం ఇటువంటి చేపలను కొనవద్దని నా సలహా.

తీసిన నత్తలను, గుడ్లు ఉన్న ఆకులను, విడి సీసా నీటిని చెరువులోనో మురుగు కాలువలోనో పారబోయకూడదు. బయటి దేశపు జాతి ఒక్కటి కాలువలో పడినా దానిని వెనక్కి తీసుకోవడం అసాధ్యం. నత్తలను ఫ్రీజర్‌లో ఒక రోజు ఉంచి, పెరటి మట్టిలో పాతిపెట్టండి. నీటిని ఎండిన నేల మీద, ఎండ తగిలే చోట పోయండి.

అభ్యాసం

ఒకటి. 4 శాతం బ్లీచ్‌తో 2 లీటర్ల 0.25 శాతం ద్రావణం చేయాలి. కావలసిన బలాన్ని మొత్తం ద్రావణంతో గుణించి, సీసా మీది బలంతో భాగించండి: 2000ను 0.25తో గుణిస్తే 500, దానిని 4తో భాగిస్తే 125. అంటే 125 మిల్లీలీటర్ల బ్లీచ్, 1875 మిల్లీలీటర్ల నీరు. మీ ఇంట్లో ఉన్న సీసా మీది శాతంతో ఇదే లెక్కను 1 లీటరుకు చేసి రాసి పెట్టుకోండి. చాలాకాలం నిలవ ఉన్న బ్లీచ్ బలం తగ్గి ఉంటుంది, కొత్తది వాడండి.

రెండు. మీ తొట్టిలో ఉన్న మొక్కల నుంచి పది ఆకులు ఎంచుకుని, వెనుక వెలుతురుతో అడుగుభాగాలు చూడండి. ఎన్నింటి మీద గుడ్ల ముద్దలు ఉన్నాయో, అవి ఆకులో ఏ చోట ఉన్నాయో బొమ్మ గీయండి. ఒకటి రెండు ముద్దలను నీటి గ్లాసులో విడిగా ఉంచి, చుక్క కదలడం మొదలైన రోజు, పిల్ల బయటికి వచ్చిన రోజు తేదీలతో రాసుకోండి. మీ ఇంటి వేడిమిలో గుడ్డు పొదగడానికి ఎన్ని రోజులు పడుతుందో మీకే తెలుస్తుంది. విడి సీసా గడువును ఆ లెక్క మీద, దానికి ఇంకో వారం కలిపి, నిర్ణయించుకోండి. చూడడం పూర్తయ్యాక గ్లాసులోని పిల్లలను కూడా ఫ్రీజర్‌కే పంపండి.

మూడు. ఏడు రాత్రులు, దీపం ఆర్పిన అరగంటకు, ముందు గాజు మీద మాత్రమే కనిపించే నత్తలను లెక్కపెట్టి ఒక కాగితం మీద వరుసగా రాయండి. ఆ ఏడు అంకెలతో ఏడవ పాఠానికి రండి. మేత కొలత, కంకర శుభ్రత, పాచి మూడింటినీ ఆ అంకెల సాయంతో సరిచూసుకోవడం అక్కడ మొదలుపెడతాం.